పిట్టపోరులో పిల్లి

దంతవైద్యుడి కుర్చీలో కూర్చున్న లారీ డ్రైవర్ చచ్చిపోయాడని వైద్యుడికి చాలాసేపటిదాకా తెలియలేదు. నోరు బార్లా తెరుచుకుని కదలకుండా ఉండడమే ఆ కుర్చీ ఎక్కినవాళ్ళ పని. ఇంత బుద్ధిమంతుడైన పేషెంటు తన సర్వీసులో తగల్లేదని మురిసిపోతూ ఆయన పన్ను కూడా పీకేశాడు. రావలసినంత రక్తం రాకపోయేసరికి అనుమానం తగిలి, కాసేపటి క్రితం మత్తు ఇంజక్షన్ చేసి వెళ్ళిన నర్సును కేకేశాడు. ఎవరూ పలకలేదు. అసలు ఆ క్లినిక్‌లో నర్సు అనే ఉద్యోగమే లేదు. రిసెప్షన్ వాళ్ళు పంపారేమో అని వైద్యుడూ, వైద్యుడు పెట్టుకున్నాడేమో అని రిసెప్షన్ వాళ్ళూ అనుకున్నారు. ముఖానికి మాస్కు, నెత్తికి టోపీ ఉంటే చాలు, ఆసుపత్రిలో ఎవర్నీ ఎవరూ అడగరు.

చచ్చినవాడు పైకి హైడ్రోజన్ సిలిండర్లు తోలే డ్రైవర్. లోపల గూఢచారి శాఖకి చెవి. కుర్చీ ఎక్కబోయే ముందు క్లినిక్ వరండాలోంచి ఒక ఫోన్ చేశాడు. ఆ కాల్ రికార్డింగ్‌ని ఇప్పుడు పెద్దాయన మూడోసారి వినిపిస్తున్నాడు.

“సార్, సహకార దినం నాడు గాలి స్టేషన్‌లో మనుషులు పోతారు. చేయించేదెవరో నాకు తెలిసిపోయింది. మీరు నమ్మరు. పేరు నేరుగా వచ్చి చెప్తా. ముందు ఈ పన్ను పీకించుకోనివ్వండి, ప్రాణం తోడేస్తోంది.”

“పేరు చెప్పి పీకించుకోవచ్చుగా” అన్నాడు ఎదురుగా నిలబడ్డ పొడుగాటి మనిషి.

“పంటినొప్పి వచ్చినవాడికి దేశం గుర్తుండదు. కూర్చో.”

పెద్దాయన శాఖకి అధిపతి. ఆయన ఆఫీసు ఒక గొడుగుల హోల్‌సేల్ దుకాణం వెనక గది. పొడుగాటి మనిషిని శాఖలో కొంగ అంటారు. ఒంటికాలి మీద గంటలకొద్దీ నిలబడమన్నా నిలబడతాడు, చేప వచ్చిన క్షణంలో మాత్రం ముక్కు గురి తప్పదు. ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను వాటర్ ఫిల్టర్లు అమ్మే సేల్స్‌మన్, అదీ సరిగ్గా అమ్మలేని సేల్స్‌మన్.

“బ్రీఫింగ్ విను. సరిహద్దు గుట్ట సంగతి నీకు చెప్పనక్కర్లేదు.”

చెప్పనక్కర్లేదు. ఆ గుట్ట కోసం రెండు దేశాలు కొట్టుకుచచ్చిన యుద్ధంలోనే కొంగ తండ్రి పోయాడు. యుద్ధం ఆగాక ఇద్దరూ కలిసి అక్కడ వాతావరణ కేంద్రం కట్టారు. జనం దాన్ని గాలి స్టేషన్ అంటారు. ఏటా అంతర్జాతీయ సహకార దినం నాడు, సైరన్ మోగగానే, ఇటు దేశం మనిషి ఒకరు, అటు దేశం మనిషి ఒకరు కలిసి ఒకే బెలూన్ వదులుతారు. పొత్తులో ఉన్న దేశాలన్నిటా అదే క్షణంలో బెలూన్లు లేస్తాయి. పై గాలి ఎటు వీస్తోందో అందరికీ ఒకేసారి తెలుస్తుంది. గాలికి పాస్‌పోర్టు లేదు కాబట్టి ఈ ఒక్క పనిలో మాత్రం దేశాలు పేచీ పెట్టుకోవు.

“ఈసారి బెలూన్ లేచాక ఇద్దరు మంత్రులూ అక్కడే సంతకాలు పెడతారు” అన్నాడు పెద్దాయన. “సైన్యాలు వెనక్కి. అది ఇష్టంలేని వాళ్ళు ఒకళ్ళున్నారు.”

“పిల్లి.”

“పిల్లే. ఫలానా దేశమని లేదు వాళ్ళకి. ఎక్కడ తగువుంటే అక్కడ ఆయుధాల దుకాణం. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు అంటారు చూడు, ఆ ముఠాకి ఆ పేరు నేనే పెట్టా.”

“కార్యక్రమం ఆపేద్దాం సార్.”

“ఆపితే మనమే ఆపామంటారు. సంతకాలు గాల్లో కలుస్తాయి. పిల్లికి కావలసిందీ అదే. కార్యక్రమం జరగాలి, ఎవరూ చావకూడదు, ఏం జరిగిందో ఎవరికీ తెలియకూడదు.”

“నన్నే ఎందుకు పంపడం?”

పెద్దాయన వేడినీళ్ళ గ్లాసు కిందపెట్టాడు. “నీకు మారువేషం అక్కర్లేదు కాబట్టి. ఈ ఏడాది మన వైపు నుంచి బెలూన్ పట్టుకునేది మీ చెల్లెలు.”

కొంగ కుర్చీలోంచి సగం లేచాడు.

“అక్కడ చిలక నీకు తోడుంటుంది” అన్నాడు పెద్దాయన.

ఆ మాటతో కొంచెం ఊపిరి తిరిగింది. చిలక అటు దేశం మంత్రిత్వ శాఖలో అనువాదకురాలు. వాళ్ళ రహస్యాలు మనకి చేరవేస్తుంది. వాళ్ళ గూఢచారి శాఖ మాత్రం ఆవిడ మన రహస్యాలు తమకి చేరవేస్తోందనుకుని నెలనెలా వేరే జీతం ఇస్తుంది. డబల్ ఏజెంట్. అంత అందమైన మనిషి గదిలో ఉంటే ఇంకెవరూ ఎవరి మాటా వినరని శాఖలో ఒక జోకు. ఒకసారి ఎక్కడో పరాయి ఊళ్ళో కొంగ తాగబోయిన టీ కప్పు ఆవిడ చెయ్యి తగిలినట్టు ఒలకబోసింది. ఆ టీ పడిన చాప రంగు పోయింది. ఆవిడ లేకపోతే అతను లేడు.

*

గాలి స్టేషన్‌లో చెల్లెలి పలకరింపే వేరు.

“ఫిల్టర్లు ఇక్కడ అమ్మొద్దు అన్నయ్యా. ముందే చెప్తున్నా.”

“నిన్ను చూద్దామని వచ్చానే.”

“ఇన్నేళ్ళలో రానివాడివి ఇవాళ చూడాలనిపించిందా? టీవీలో పడతాననా?”

బొద్దుగా, చురుగ్గా, జుట్టు గట్టిగా బిగించి, ముతక నూలు బట్టల్లో ఉంది. గ్యాస్ హాలు వైపు తీసుకెళుతూ, అతను గుమ్మంలో కాలు పెట్టబోతుండగా వెనకనుంచి కాలర్ పట్టుకుని లాగింది.

“చెయ్యి.”

“ఏం చెయ్యి?”

తలుపు రెక్క వెనక, మోకాలి ఎత్తున, గోడకి ఒక రాగి రేకు బిగించి ఉంది. కొత్తవాళ్ళకి కనబడే చోటు కాదు. చెల్లెలు అటు చూడకుండానే కొద్దిగా వంగి, చెయ్యి మడిచి, వేళ్ళ వెనకవైపుతో దాన్ని తాకింది. అతని చేతిని కూడా లాగి ఆనించింది.

“ఒంట్లో కరెంటుంటుంది. దిగిపోవాలి. లోపలుండేది హైడ్రోజన్, పిల్లాడి బర్త్‌డే బుడగ కాదు. చీమ కన్నంత నిప్పురవ్వ చాలు, నువ్వూ నేనూ పొగ. ఈ అలవాటు ఎంత ముదిరిందంటే ఇంట్లో వంటగదిలోకి వెళ్ళినా గోడ తడుముతున్నా. అమ్మ నవ్వుతుంది.”

లోపలినుంచి ఒక పెద్ద మీసాల మనిషి వచ్చాడు. అటు దేశం పరిశీలకుడు. చెల్లెలితో కలిసి బెలూన్ పట్టుకునేది ఆయనే. మన భాష పలుకుబడి కొంచెం మొరటుగా ఉన్నా ధారాళంగా మాట్లాడతాడు.

“మా చెల్లెమ్మకి అన్న ఉన్నాడని విన్నాను, కనబడ్డం ఇదే. మా తమ్ముడు కూడా ఈ గుట్ట మీదే పోయాడు బాబూ. మా వాణ్ణి మీ నాన్న పేల్చాడో, మా వాడు మీ నాన్నని పేల్చాడో, ఇద్దరం చాలాసార్లు లెక్క వేశాం. తేలలేదు. పోనీలే అని టీ తాగాం.”

చెల్లెలు నవ్వింది గానీ కళ్ళు తుడుచుకుంది. “అన్నయ్యా, నాన్న పోయిన చోట నేను ఇవాళ ఈయన పక్కన నిలబడతాను. ఉద్యోగంలో చేరినరోజు నుంచీ దీనికోసమే చూస్తున్నా. నువ్వేమీ చెడగొట్టకు, చాలు.”

“చెడగొట్టనులే” అన్నాడు కొంగ.

*

గెస్ట్‌హౌస్ మెట్ల మీద చిలక ఎదురైంది. లేత ఆకుపచ్చ నూలు బట్టలు, మెడలో ఏమీ లేదు, చేతిలో ఒక చిన్న సంచీ. ఏమీ లేకపోవడమే నగలా ఉంది.

“ఇక్కడ గాలి ఎటునుంచి వీస్తుందండీ?” అంది, కొత్త మనిషిని అడిగినట్టు.

“ఎటునుంచి వీచినా జలుబు చేసేది నాకే.”

తెలిసినవాళ్ళైనా కోడ్ తప్పదు, కుదిరింది. చిలక గొంతు తగ్గించింది.

“బాంబు. బెలూన్‌కి కట్టే పరికరాల పెట్టెలో. బ్యాటరీ మార్చారు. గ్యాస్ హాలు పక్క స్టోర్‌లో ఉందట.”

“నువ్వు చూశావా?”

“నేనెక్కడ చూస్తాను? ఆ హాలు గుమ్మం మొహం కూడా ఎరగను. ముఠావాళ్ళ మాటల్లో విన్నదే.”

“డ్రైవర్ చచ్చాడు.”

“తెలుసు.” కళ్ళు దించుకుంది. “పాపం, మంచివాడు.”

కొంగ స్టోర్‌లోకి దూరాడు. ఫిల్టర్ల సంచిలో ఫిల్టర్ గొట్టం లోపల అతని సరంజామా ఉంటుంది. సన్నటి అద్దం, పట్టకారు, తీగలు వాసనపట్టే చిన్న మీటర్. పెట్టె విప్పాడు. బ్యాటరీ బరువు తేడాగా ఉంది. లోపల బంకమట్టిలా మెత్తటి పేలుడు ముద్ద. చెమటలు కక్కుతూ తీసేశాడు, మంచి బ్యాటరీ పెట్టాడు, పెట్టె మూశాడు.

గోడ పక్కకి వచ్చి పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఆయన కింద పార్కింగ్‌లో గొడుగుల వ్యాన్‌లో కూర్చుని ఉన్నాడు.

“దొరికింది సార్. తీసేశా.”

“శభాష్. అయిపోయినట్టే.”

అయిపోయినట్టే అన్న మాట కొంగకి నచ్చలేదు. ఈ వృత్తిలో వెతికిన చోటే దొరికిన వస్తువు మంచిది కాదు. పిల్లి ఇంత తేలిగ్గా ఎలకని వదులుతుందా? కానీ ఏమని చెప్పగలడు? మబ్బులు గుట్ట మీదికి దిగుతున్నాయి. గాలి ఒక్క వైపునుంచి రాకుండా పిచ్చిపట్టినట్టు తిరుగుతోంది. జెండా కర్రలకి తాళ్ళు టపటపా కొట్టుకుంటున్నాయి.

*

హాల్లో బెలూన్ నిండుతోంది. ముందు పాలిపోయిన గుడ్డలా బల్ల మీద పడి ఉన్నది, మెల్లగా లేచి, మనిషిని మించి ఉబ్బి, కప్పు కింద ఊగుతోంది. గ్యాస్ బుసబుసమంటోంది.

దేశదేశాల ప్రతినిధులు వరసగా వచ్చారు. ఒక్కొక్కరినీ గుమ్మం దగ్గర ఆపి, తలుపు రెక్క పక్కకి లాగి, రాగి రేకు చూపించి, తాకించి పంపుతున్నారు. ఒకాయన దణ్ణం పెట్టాలేమో అనుకుని వంగి నమస్కారం చేశాడు. ఇంకొకాయన జేబురుమాలుతో తుడిచాడు. ఇద్దరు మంత్రులు ఒకరినొకరు ముందు తాకమని బతిమాలుకున్నారు. చెల్లెలు పళ్ళబిగువున నవ్వు ఆపుకుంది.

చివర చిలక వచ్చింది. మంత్రి చెవిలో ఏదో అనువదిస్తూ, మొహం ఆయన వైపే తిప్పి ఉంచి, గుమ్మం దాటుతూ కొద్దిగా వంగింది. చెయ్యి మడిచింది. తలుపు రెక్క వెనక్కి పోనిచ్చి, వేళ్ళ వెనకవైపుతో ఆ రేకును తాకింది. ఎవరూ చెప్పలేదు. ఆవిడ చూడనూ లేదు.

కొంగ చూపు ఆ వేళ్ళ దగ్గరే ఆగింది.

గుమ్మం మొహం ఎరగని మనిషికి ఆ అలవాటు రాదు. పగలూ రేయీ హైడ్రోజన్ పక్కన మెలిగితే వస్తుంది. అంటే ఎక్కడో ఇలాంటి హాలే కట్టుకుని, ఇలాంటి రేకే బిగించుకుని, ఇవాళ్టి పనిని రిహార్సల్ వేసింది. అంటే బాంబు సంగతి చెప్పింది, మనం దొరికించుకుని నిశ్చింతగా కూర్చోవడానికి. అంటే ఆ నర్సు ఈవిడే. నా టీ కప్పు ఒలకబోసిన చేతులే ఆ ఇంజక్షనూ చేశాయి.

డ్రైవర్ అననే అన్నాడు, మీరు నమ్మరు అని.

మరి అసలు ఆయుధమేది? ఆయుధం కప్పు కింద ఊగుతూ కళ్ళెదురుగానే ఉంది. దానికి కావలసింది ఒక్క రవ్వ. ఆ రవ్వ ఎక్కడ?

చిలక అప్పుడే రెండు పట్టీలు తీసింది. ఇరు దేశాల రంగులు కలిపి నేసిన స్నేహ పట్టీలు. ఒకటి చెల్లెలి భుజం మీదుగా వేసింది, ఒకటి మీసాలాయన భుజం మీదుగా. మీసాలాయన పట్టీకి ఛాతీ మీద బంగారు రంగు బిళ్ళ ఉంది.

“ఇనుమూ గినుమూ ఇక్కడ కుదరదండీ” అంది చెల్లెలు.

“ప్లాస్టిక్ అండీ. మీ రూల్స్ చదివే చేయించాం” అంది చిలక తియ్యగా.

చెల్లెలు గోటితో గీకి చూసింది. ప్లాస్టికే. సరేనంది. లోపలేముందో పైనుంచి ఎవరికి తెలుస్తుంది?

కొంగకి అప్పుడు మొత్తం అర్థమైంది. బయట ఈ గాలికి బెలూన్‌ని ఛాతీకి హత్తుకుని పట్టుకోవాలి. బిళ్ళ రబ్బరుకి ఆనుతుంది. లోపల ఒక సూది, ఒక రవ్వ. చిలక సంచిలో ఉన్న రిమోట్ మీట నొక్కితే రెండూ పనిచేస్తాయి. చచ్చేది ఇద్దరు పరిశీలకులూ, ముందు వరసలో మంత్రులూ. బతికినవాళ్ళు చూసేది అటు దేశం మనిషి గుండెల మీద పుట్టిన మంట. ఒప్పందం కాదు, ఆ మధ్యాహ్నమే యుద్ధం.

తలుపులు తెరిచారు. చెల్లెలూ మీసాలాయనా చెరోవైపు బెలూన్‌ని హత్తుకుని అడుగులో అడుగేస్తూ ఆవరణలోకి నడిచారు. బ్యాండు మొదలైంది. కెమెరాలన్నీ అటే. చిలక మాత్రం మర్యాదగా వెనక్కి వెనక్కి జరుగుతూ కార్లవైపు పోతోంది. కుడిచెయ్యి సంచిలో ఉంది. కొంగ ఫోన్‌లో పెద్దాయనకి ‘చిలకే’ అని ఒక్క ముక్క పంపాడు, కానీ ఆయన కదిలేలోగా అంతా అయిపోవచ్చు.

తుపాకీ తీస్తే? పేలిన తుపాకీ కూడా నిప్పే. అరిస్తే? అరుపు పూర్తవకముందే నొక్కేస్తుంది. ఆవిడ మీదికి దూకితే? చాలా దూరం. సైరన్ వేసే మనిషి మీట మీద చెయ్యి పెట్టాడు. సైరన్ మోగితే వీళ్ళు వదిలేస్తారు, కాబట్టి ఆవిడ సైరన్‌కి ముందే నొక్కాలి. ఇక చేయగలిగింది ఒక్కటే. ఆవిడకంటే ముందు ఆ బెలూన్ వీళ్ళ చేతుల్లోంచి పోవాలి. ఆవిడకి అనుమానం రాకుండా పోవాలి.

దానికి గూఢచారి పనికిరాడు. వెధవ అన్నయ్య కావాలి.

“చెల్లీ, ఇటు చూడవే, ఒక్క ఫోటో” అంటూ కొంగ ఫోన్ పైకెత్తి, పళ్ళికిలించి, సెక్యూరిటీ తాడు కింద దూరి పరిగెత్తాడు. జనం గొల్లున నవ్వారు. చిలక కూడా నవ్వింది, అతను చూశాడు. శాఖలో అందరికంటే ఆవిడకి అతని నటన తెలుసు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

“అన్నయ్యా, వద్దు” అంది చెల్లెలు. ఆ గొంతులో కోపం లేదు, బతిమాలడమే ఉంది.

అతను తన కాళ్ళకి తానే అడ్డంపడి, ఆరడుగుల మనిషి అమాంతం ఇద్దరి చేతుల మీదా పడ్డాడు. చెల్లెలి పట్టు జారింది. మీసాలాయన వెనక్కి విరుచుకుపడ్డాడు. తెల్లటి బెలూన్ ఒక్కసారి పక్కకి ఒరిగి, సర్రున లేచి, పరికరాల పెట్టెను ఊపుకుంటూ మబ్బుల్లోకి పోయింది.

అది జెండాలు దాటుతుండగా మీసాలాయన ఛాతీ మీద టిక్కుమంది. బిళ్ళలోంచి సూది బయటికి పొడుచుకొచ్చి, దాని కొసన నీలంగా ఒక రవ్వ వెలిగి ఆరింది. గ్యాస్ పొయ్యి ముట్టించే లైటర్‌కి ఉండేంత రవ్వ. ఆయన వేలు కొరుక్కుంటూ అదేమిటో అర్థంకాక చూశాడు. కింద పడివున్న కొంగ ఆ బిళ్ళను పట్టీతో సహా లాగి పిడికిట్లో దాచేశాడు.

అప్పుడు సైరన్ మోగింది. ప్రపంచమంతా బెలూన్లు లేచాయి, ఇక్కడ తప్ప.

కార్ల దగ్గర చిలక ఒక తలుపు మీద చెయ్యి వేసింది. పక్కనున్న గొడుగుల వ్యాన్‌లోంచి పెద్దాయన దిగి ఇంకో తలుపు ఆవిడ కోసం తెరిచి పట్టుకున్నాడు. అది వ్యాన్ తలుపు. సంచీ అప్పటికే ఆయన మనిషి చేతుల్లో ఉంది.

“ఎందుకమ్మా?” అన్నాడు. తిట్టలేదు, నిజంగానే అడిగాడు.

“మీరూ వాళ్ళూ కలిసిపోతే, మధ్యలో బతికేదాన్ని నేనేం తినను సార్?” అంది చిలక. జుట్టు సర్దుకుని వ్యాన్ ఎక్కింది.

*

సంతకాలు జరిగాయి. మంత్రులిద్దరూ కొంగని చూసి నవ్వుకుంటూనే సంతకాలు పెట్టారు. ఇద్దరూ కలిసి ఒకే సంగతికి నవ్వడం చాలాకాలానికి జరిగిందట.

చెల్లెలు మాత్రం నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే పరిశీలన గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. సైరన్‌కి ముందు లేచిన బెలూన్ లెక్క చెల్లదు. ప్రపంచపటం మీద ఈ గుట్ట ఉన్న చోట ఖాళీ.

“ఇంతమందిలో నా చెయ్యే జారింది” అంది. “నాన్న పోయిన చోట నిలబడి, నేనే చెడగొట్టాను.”

“నువ్వు కాదే, నేను.”

“అవును, నువ్వు. పుట్టినప్పట్నుంచీ నువ్వే. నీకు నడక ఎప్పుడొస్తుందిరా? ఒక్కరోజు, ఒక్కగంట, మనిషిలా నిలబడలేకపోయావా? మీసాలాయన నన్ను ఒక్క మాట అనలేదు. పోనీలే చెల్లెమ్మా అన్నాడు. దానికే ఏడుపొచ్చింది. వచ్చే ఏడాది మళ్ళీ నాకే ఇవ్వాలని ఆయనే రాస్తాడట. వచ్చే ఏడాది నువ్వు ఈ గుట్ట ఛాయలకి రావద్దు.”

“రాను.”

“వచ్చే ఏడాది టీవీలో కూడా చూడొద్దు.”

“చూడనులే.”

వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అని ఆమె ఎన్నిసార్లన్నా అతనికి తనివితీరలేదు. ఇంకా తిడుతుందేమోనని తలుపు దగ్గరే కాసేపు నిలబడ్డాడు. తిట్టింది కూడా. అతను కళ్ళు తుడుచుకోవడం చూసి, సిగ్గుతో ఏడుస్తున్నాడనుకుని, కాస్త మెత్తబడి టీ పోసింది.

టీ సగంలో ఉండగా ఫోన్ మోగింది. వరండాలోకి వెళ్ళి ఎత్తాడు. పెద్దాయన.

“అటు దేశం గూఢచారి శాఖ నుంచి మర్యాదైన ఉత్తరం వచ్చింది. వాళ్ళ అనువాదకురాలు నిన్నట్నుంచి కనబడ్డం లేదట. అంతర్జాతీయ సహకార దినాన్ని దృష్టిలో పెట్టుకుని, వెతకడానికి మనం సహకరించాలట. ఏమని రాయమంటావు?”

కొంగ ఒక గుక్క తాగాడు.

“ఆ రోజు నిన్ననే అయిపోయిందని రాయండి సార్.”